ధాత కరువు, మారని దాత



ధాత కరువను మాట మీలో పలువురు మీ తాతల నోట వినియే యుందురు. ఆ కరువును చూచినవారెవరును నేడు లేరు. 1876వ సంవత్సరమున నైరృతి వానలు తప్పెను. ఈశాన్యపు వానలును తప్పెను. మన పంచాంగమున ఆ యేటి పేరు ధాత. మరుసటి యేటి పేరు ఈశ్వర. ఆపై యేటి పేరు బహుధాన్య. పంచాంగకర్తలు పరిహాసమునకు పెట్టిన పేర్లు కావవి. అరువది యేండ్లకొకమారు తిరిగి వచ్చు పేర్లే. అయినను సృష్టికర్త పేరు గల యేట వాన లేకపోవుటయు, ఈశ్వరుని పేరు గల యేట గింజ లేకపోవుటయు నాటివారి మనస్సులను గ్రుచ్చియే యుండును. దక్షిణ హిందూదేశమున ఆ రెండు మూడేండ్లలో ఆకలిచేతను, ఆకలి వెంట వచ్చిన విషూచి, మశూచి మొదలగు రోగములచేతను చనిపోయినవారు యాబది లక్షలకు మించుదురని చరిత్రకారుల యంచనా.

ఈ దినమున నేను చెప్పబూనినది ఆ కరువు చరిత్రయంతయు కాదు. ఆ కరువునడుమ తెలుగువారిలో కొందరు, అందును మిక్కిలి బీదలైనవారు, దేవుడు ఉదారుడనియు, ఆ యుదారత కాలమును బట్టి మారునది కాదనియు నమ్మిరి. వారిట్లు నమ్ముటకు ముందు ఆ నమ్మకమును నలువదియేండ్లు మోసినవారు కొందరుండిరి. వా రెట్లు నమ్మిరి, ఆ నమ్మకమునకు వారు చెల్లించిన వెల యేమి యనునది చరిత్ర విషయము. నమ్మవలెనా వలదా యనునది ఎవరి యింటి విషయము వారిది.

నేను హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు దక్షిణముగా, ఫలక్‌నుమా చేరువనున్న జహనుమాలో కాపురముండువాడను. జహాన్ అనగా ప్రపంచము, నుమా యనగా చూపునది. ప్రపంచమును చూపు పేటలో కూర్చుండి ఒంగోలు కథ చెప్పుట వింతగా తోచవచ్చును. కాని మా పేట వీధులలో ‘రజ్జాక్’ అను పేరు నేను దినమును వినుచుందును. అది అల్లాహ్ నామములలో నొకటి. జీవులకు ఆహారమిచ్చువాడని దాని యర్థము. మన తెలుగు పల్లెలలో నారు పోసినవాడు నీరు పోయకపోవునా యందురు. క్రైస్తవులు అనుదినాహారము నిమ్మని ప్రార్థింతురు. అన్ని మతములవారును అన్నమిచ్చువా డొకడున్నాడనియే చెప్పుదురు. అన్నము లేనినాడు ఆ మాట యేమగును? ఈ ప్రశ్న నన్ను ఒంగోలునకు తీసికొనిపోయెను.

అమెరికా బాప్తిస్టు సంఘమువారు తెలుగువారికొరకు పంపిన మొదటి బోధకుడు సామ్యూల్ డే. ఆయన 1836లో మన దేశమునకు వచ్చి, విశాఖపట్టణమునను, శ్రీకాకుళమునను, పిమ్మట మద్రాసునను ఉండి, 1840లో నెల్లూరు చేరెను. బోధించెను, బడి పెట్టెను, త్రిప్పట పడెను, రోగి యయ్యెను. 1846లో స్వదేశమునకు పోవలసివచ్చెను. ఫలము చూడబోయిన బహు స్వల్పము. ఈ తెలుగు మిషనును మూసివేయుదమా యను ప్రశ్న అప్పుడే పుట్టెను. 1849లో డే మరల వచ్చుచు లైమన్ జూవెట్ అను యువకుని, ఆయన భార్యను వెంటబెట్టుకొని వచ్చుటచే ఆ ప్రశ్న కొంతకాలము వెనుకబడెను.

1853లో ఆల్బనీ నగరమున జరిగిన వార్షిక సభలో ఆ ప్రశ్న మరల లేచెను. ఆ సభలో నొక పటము వ్రేలాడుచుండెను. బర్మాలో వారి మిషను స్థానములు అనేక చుక్కలుగా గుర్తింపబడియుండగా, తెలుగుదేశమున నెల్లూరు ఒక్కటియే ఒంటి చుక్కగా నుండెను. ఎవరో దానిని ఒంటి నక్షత్రమనిరి. ఆ రాత్రియే సామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను పండితుడు ఆ ఒంటి నక్షత్రముమీద పద్యములు వ్రాసెను, మరునాడు వానిని సభలో చదివిరి, విన్నవారు కంట తడిపెట్టిరి, మిషను నిలిచెను. ఈ కథను చెప్పువారందరును ఆ పద్యములను పొగడుదురు. నాకు పద్యముకంటె లెక్క ముఖ్యముగా తోచును. పదునేడేండ్లు విత్తనము చల్లి, గంపెడు గింజలైనను రాని చేనును మన రైతు లెవరైనను కౌలునకు పట్టుదురా? ఆ సభలో మూసివేయుదమని చెప్పినవారు దుర్మార్గులు కారు. దాతలు చెమటోడ్చి కూడబెట్టి యిచ్చిన సొమ్మునకు లెక్క చెప్పవలసినవారు. వారి పక్షమున న్యాయమున్నది. వారి కెదురు నిలిచినవారికి ఒక్క ఆధారమే కలదు: పంపినవాని మనస్సు మారలేదని. ఫలము లేకపోవుట దేవుడు తెలుగువారిని విడిచెననుటకు గుర్తు కాదని వారు తలచిరి.

ఆ సభనాటి మాటలు సముద్రము దాటివచ్చుటకు నెలలు పట్టెడి దినములవి. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీని తెల్లవారుజామున జూవెట్ దంపతులు, వారితోకూడ ముగ్గురు తెలుగువారు ఒంగోలు చెంతనున్న కొండయెక్కిరి. ఆ ముగ్గురిలో క్రిస్టియన్ నర్సు అనునాతడొకడు. జూలియా, రూతు అనువారు స్త్రీలు. అయిదుగురును ఒకరి వెనుక నొకరు మోకరించి, క్రింద చీకటిలోనున్న పల్లెల కొరకును, ఒంగోలునకు ఒక బోధకుడు వచ్చుట కొరకును ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థన కొండయను పేరు అందుచేత వచ్చినదే. దొరల పేర్లు గ్రంథములలో పెద్ద యక్షరములతో నున్నవి. నాకు మాత్రము ఆ జూలియా, రూతు అను తెలుగు స్త్రీలు ఆ చలిలో రాళ్లమీద మోకరించి యేమి కోరికొనిరో తెలిసికొనవలెనని మిక్కిలి ఆశ. దొరకు ఫలము రాకపోయిన, ఓడయెక్కి స్వదేశమునకు పోవచ్చును. వారికి పోవుటకు వేరొక దేశము లేదు.

ప్రార్థించిన మరునాడే బోధకుడు రాలేదు. పదునొకం డేండ్లు గడచెను. 1862లో ప్రావిడెన్సు నగరపు సభలో మరల మూసివేయుదమనిరి. అప్పటికి జూవెట్ ఆరోగ్యము చెడి అమెరికాలోనే యుండెను. సంఘము పంపినను పంపకపోయినను నేను పోయి తెలుగువారి నడుమ బ్రతికి అచటనే చచ్చెదనని ఆయన పట్టుపట్టెను. అట్లయిన నిన్ను క్రైస్తవ మర్యాదతో పాతిపెట్టుట కైనను ఒకనిని వెంట పంపవలసినదే యని కార్యదర్శి యనెనట. ఆ పాతిపెట్టవలసినవాడు 1865లో వచ్చెను. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. పడుచుతనమున అమెరికా పడమటి సీమలలో భూములు కొలుచు సర్వేయరు పని చేసినవాడు. గొలుసు పట్టి నేల కొలుచుట, మట్టి లెక్కలు వేయుట తెలిసినవాడు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు, కరువునాటికి పనికివచ్చును. 1866లో క్లౌ ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీని ఒంగోలు సంఘము స్థాపితమయ్యెను. సభ్యులు ఎనమండుగురు.

ఇచట ఒక తెలుగువాని కథ చెప్పవలెను. యెర్రగుంట్ల పేరయ్య ఒంగోలునకు పడమరగా నలువది మైళ్ల దూరమున నుండిన పల్లెవాడు. మాదిగవాడు, తోలు వ్యాపారము చేయువాడు. చదువురానివాడైనను మూఢుడు కాడు. యోగమార్గమున ఉపదేశము పొంది, తానును కొందరు శిష్యులకు గురువుగా నుండెడివాడు. ఒక్కడే దేవుడనియు, ఆయనకు రూపము లేదనియు, మార్పు లేదనియు ఆతడు క్రైస్తవులవద్ద నేర్చుకొనలేదు, ముందే యెరిగియుండెను. తోలు బేరమునకై ఉత్తరముగా ఏలూరు వైపునకు పోయినపుడు క్రైస్తవ బోధ వినెను. 1866లో ఆతడును, ఆతని భార్యయు ఒంగోలున జూవెట్‌చే బాప్తిస్మము పొందిరి. పిమ్మట తన పల్లెకు పోయి ఆతడు చెప్పిన మాటలే ఆ ప్రాంతమున మాదిగపల్లెలను కదలించినవి. దొర మాటలు కావు.

పేరయ్యకు క్రొత్తగా దొరికిన దేమి? ఇది నేను చాలకాల మాలోచించిన విషయము. మన వేదాంతులు పరబ్రహ్మము నిర్వికారమందురు, మార్పులేనిదని యర్థము. కాని మార్పులేనిది మాదిగవాని యాకలిని చూచి కరగునా యని అడిగిన, వేదాంతి నవ్వును. మరియొక ప్రక్క ఊరిదేవత యున్నది. పోలేరమ్మ కరగును, వరమిచ్చును, వాన కురిపించును. అయితే ఆమె మనస్సు మారును. దున్నపోతు నియ్యకున్న కోపించును, మశూచి పంపును. ఆ దున్నపోతు తోలుతో డప్పు మూసి, ఆ డప్పును ఆమె యెదుట వాయించువాడు మాదిగవాడే గనుక, ఆమె కోపము మాట ఆతనికి అందరికంటె దగ్గరగా తెలియును. ఇట్లు మారని దేవుడు ఇయ్యడు, ఇచ్చు దేవత మారును. క్రైస్తవ బోధకుడు వచ్చి, ఇచ్చువాడును మారనివాడును ఒక్కడే యనెను. ఆయన యిచ్చుట నీ నైవేద్యమును బట్టి కాదు, నీ కులమును బట్టి కాదు, ఆయన స్వభావమే అట్టిది యనెను. అపొస్తలుడైన యాకోబు తన పత్రిక మొదటి యధ్యాయమున దేవుని యీవిని, ఆయన మార్పులేనితనమును ఒక్కచోటనే చేర్చి చెప్పుటలో ఉద్దేశమిదియే. ఈ రెండును కలసియున్న మాట పేరయ్య చెవిని పడెను. యోగములో సగము దొరికినది. మిగిలిన సగము ఇచట దొరికెను. నా యూహ యిది, ఒప్పుకొననివారు ఒప్పుకొనకపోవచ్చును.

కాని మాదిగలు వచ్చుట క్లౌ దొరకు మొదట సంకటమే యయ్యెను. ఒంగోలులో బ్రాహ్మణులు, ఇతర అగ్రకులములవారు కొందరు ఆయన బడిని ఆదరించుచు, బోధను వినుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నయెడల మేము రామనిరి. చేర్చుకొనవలదా? ఆ దినమున తానొకగదిలోను, తన భార్య వేరొకగదిలోను ఒకరికి తెలియక నొకరు బైబిలు తెరవగా, ఇద్దరికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దేవుడు లోకమున నీచులని యెంచబడినవారిని ఏర్పరచుకొనెనను భాగమే కనబడెనని క్లౌ చెప్పికొనెను. దీనిని అద్భుతమనువారు అందురు, కాకతాళీయమనువారు అందురు. ఫలితము మాత్రము నిశ్చయము: మాదిగలు చేర్చుకొనబడిరి; అగ్రకులపు పిల్లలు బడి విడిచిరి.

చేరినవారికి మూడు నియమములు పెట్టబడెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు చిన్న నియమములు. గ్రామమున వాని ఫలమేమో పెద్దలైన మీకు చెప్పనక్కరలేదు. జాతరలో డప్పు లేదు. ఆదివారము పొలమునకు కూలి లేదు. కరణము, మునసబు, మోతుబరి కోపించిరి. పలుచోట్ల బావులను, అంగళ్లను వారికి మూసివేసిరి, కొట్టిరి, అబద్ధపు వ్యాజ్యెములు పెట్టిరి. మన ముత్తాతలు చేసిన పనులివి; దాచుటవలన లాభము లేదు.

ఇంతలో ధాత వచ్చెను.

కరువులో మొదట చచ్చునవి పశువులు. పశువులు చచ్చినపుడు కొలదిదినములు మాదిగవానికి తోలు సమృద్ధి. తరువాత కొనువాడుండడు, కుట్టించుకొనువాడుండడు, కళ్లములో మేరగా గింజ లిచ్చు రైతు చేతనే గింజ లుండవు. కావున ఊరిలో అందరికంటె ముందు పస్తున్నది ఆ పల్లెయే. దొరతనమువారు కరువు పనులు తెరచిరి. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ అను నధికారి వచ్చి, ఖర్చు మిక్కుట మగుచున్నదని కూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొద్ది డబ్బును చాలునని నిర్ణయించెను. పౌను అనగా అరకిలోకును తక్కువ. నాడంతయు మట్టి త్రవ్వువానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ వాదించెను; కొన్ని నెలల పిమ్మట కూలి పెంచిరి. ఆ నెలలలో ఎందరు పోయిరో దేవునికే తెలియును.

ఆ కాలముననే తూర్పుతీరము వెంట కాలువ త్రవ్వుపని సాగుచుండెను. కరువు పనిగా సాగిన ఆ కాలువకు అప్పటి మద్రాసు గవర్నరైన బకింగుహాం ప్రభువు పేరు పెట్టిరి. అందులో సుమారు మూడున్నర మైళ్ల భాగమును క్లౌ కంట్రాక్టునకు తీసికొనెను. పాదిరి కంట్రాక్టరగుట కొందరికి రుచింపలేదు. కాని గొలుసు పట్టుట తెలిసిన పాత సర్వేయరు కదా. కొలతలు, మట్టి లెక్కలు, కూలి లెక్కలు తానే చూచికొనెను. తన తెలుగు ఉపదేశకులను మేస్త్రీలుగా పెట్టెను. ఒక్కొక్కని క్రింద నూరేసిమంది కూలీలు. వేలకొలది జనము గుంపులుగా వచ్చిరి. క్రైస్తవులే కాదు, అన్ని కులములవారును వచ్చిరి. తాటాకు పాకలలో కాపురము. మధ్యాహ్నము పని నిలిపి నీడను కూర్చుండినపుడు మేస్త్రీ కథ చెప్పెడివాడు. మన పల్లెలలో కథ చెప్పువానికి వినువారు ఎన్నడును కరవు కారు గదా.

సువార్తలో మత్తయి వ్రాసిన ద్రాక్షతోట కథ యొకటి కలదు. యజమానుడు తెల్లవారగనే కొందరు కూలీలను తోటకు పిలుచును. జామైన పిమ్మట కొందరిని, మధ్యాహ్నము కొందరిని, ప్రొద్దు వాలినాక కొందరిని, ఇంక గడియలో చీకటి పడుననగా కొందరిని పిలుచును. సాయంకాలమున అందరికిని ఒక్కటే కూలి ఇచ్చును. ఉదయము వచ్చినవారు సణుగుదురు. నేను మంచివాడనైనందుకు నీకేల కంటగింపు అన్నట్లు యజమానుడు బదులు పలుకును. ఈ కథను ఏ కంట్రాక్టరు విన్నను ఇది లెక్కకు పొసగదనును. క్లౌ దొరయు కాలువమీద ఆ విధముగా కూలి యిచ్చియుండినయెడల మూడునాళ్లలో పని నిలిచిపోయెడిది. కాలువమీద త్రవ్విన మట్టికి కూలి. దేవునివద్ద కొలతలేని యీవి. ఈ రెండు లెక్కలను కలుపకుండ నుంచుటయే ఆ కరువులో ఆయన చేసిన గొప్ప పని యని నా యభిప్రాయము.

ఏలయనగా జనము వచ్చి బాప్తిస్మ మిమ్మని అడుగసాగిరి. వేలకొలది సిద్ధముగా నుండిరి. అమెరికాలో ముప్పది నలువదియేండ్లుగా ఫలము కొరకు కాచుకొని, మూడుమారులు మూసివేయబోయిన సంఘమువారు ఆ వార్త వినిన ఎంత సంతోషింతురో క్లౌకు తెలియదా? అయినను ఆయన ఇయ్యననెను. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, పదునైదు నెలలు, ఒక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు. గింజ కొరకు వచ్చినవాడెవడో, దేవుని కొరకు వచ్చినవాడెవడో నేను చెప్పలేనని ఆయన భయము. పైకి కఠినముగా తోచును. లోతుగా చూచిన, దేవుని ఉదారతను బియ్యపు బేరము కానీయరాదను పట్టుదల యిది. కరువు తీరినంతనే కరగిపోవు దేవుడైనచో మారని దేవుడెట్లగును? కరువు తీరిన పిమ్మట చూతము. అప్పుడును వచ్చినవారు నిజముగా వచ్చినవారు.

1878లో వానలు పడినవి. గుండ్లకమ్మ నిండెను. బహుధాన్య సంవత్సరమిది, ఆ పేరు ఈసారి వట్టిపోలేదు. కాలువపని ముగిసినది, చేతినుండి పంచిపెట్టు గింజయు ముగిసినది. ఒంగోలులో మశూచి వ్యాపించియుండుటచే, క్లౌ తన క్రైస్తవులను ఉత్తరముగా పది మైళ్లనున్న వెల్లంపల్లికి, గుండ్లకమ్మ యొడ్డునకు రమ్మని పిలిచెను. క్రొత్తగా బాప్తిస్మము కోరువారిని వెంటబెట్టుకొని రావలదని ఉపదేశకులకు స్పష్టముగా వ్రాసెను. అయినను వారు వచ్చిరి. గుంపులు గుంపులుగా వచ్చిరి. ఇంక సహాయమేమియు లేదు, ఇండ్లకు పొండని ఆయన చెప్పెను. మాకు సహాయమక్కరలేదు, ఇప్పుడు గాని ఇకమీదట గాని నేరుగా గాని చాటుగా గాని అడుగమని వారు మాట యిచ్చిరి. కాలువమీద పార పట్టి బొబ్బలెక్కిన చేతులను సాక్ష్యముగా చెప్పికొనిరి. కష్టపడి కూలి తీసికొంటిమి, భిక్ష మెత్తలేదు, మరల కరువు వచ్చి చావవలసివచ్చిన చచ్చెదము, మమ్ములను మాత్రము త్రోసివేయకుము అని వారి మొర.

ఈ మాటలో ఏమున్నదో పెద్దలు తలపోయుదురు గాక. కరువు కాలమున మాకు పెట్టినావు గనుక నీ దేవుడు మంచివాడని వారనలేదు. మరల కరువు వచ్చి చచ్చినను ఆయన మంచివాడే యనిరి. వారి యిండ్లలో పోయినవా రెందరో యుండిరి. తల్లిని పాతిపెట్టినవాడు, బిడ్డను పాతిపెట్టిన తల్లి ఆ యొడ్డున నిలిచియుండిరి. లేమి యెట్టిదో యెరుగనివాడు దేవు డుదారుడనుట సులభము. వీరట్లు కాదు.

క్లౌ లొంగెను. ఉపదేశకులు తమ తమ పల్లెలవారిని ఒక్కొక్కరినిగా విచారించిరి. 1878 జులై 2వ తేదీని 614 మంది, 3వ తేదీని 2,222 మంది, 4వ తేదీని 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ నీటిలో దిగలేదు. ఆరుగురు తెలుగు ఉపదేశకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని నదిలో నిలిచిరి; ఇద్దరలసినపుడు వేరిద్దరు దిగుచుండిరి. ప్రొద్దున ఆరంభించి, ఎండవేళ నిలిపి, మరల సాయంకాలము వరకు. ఒక్కొక్కని పేరు పలికియే ముంచుచుండిరి. పేరు పలుకుట చిన్న సంగతి యనుకొనకుడు. ఊరిలో ఓరీ యని తప్ప పిలువబడనివాని పేరును వేలమంది నడుమ గట్టిగా పలికిరి. ఆ యేటి డిసెంబరు నాటికి మొత్తము 9,606 మంది. కొన్నియేండ్లలో ఒంగోలు సంఘపు సభ్యులు ఇరువది వేలకు మించిరి.

ఇవన్నియు బియ్యపు క్రైస్తవుల లెక్కలని ఆక్షేపించువారు నాడును ఉండిరి, నేడును కలరు. ఆక్షేపణ పూర్తిగా వట్టిది కాదు. అంతమందిలో ఆశచే వచ్చినవారుండరా? తరువాత వెనుకకు పోయినవారును ఉండిరి. కులపు బాధ నుండి తప్పించుకొనుటయు, బిడ్డలకు చదువు దొరకుటయు వారిని లాగిన సంగతులే. ఇందులో సిగ్గేమి? ఆకలిగొన్నవాడు అన్నమును కోరుట దేవుని కోరుటకు విరుద్ధమని ఎవరనిరి? కాని బియ్యమే కారణమైనచో బియ్యము పంచినపుడు చేరవలెను. ఇచట బియ్యము నిలిచిన పిమ్మట చేరిరి. క్లౌ ఇయ్యననిన ఆ పదునైదు నెలలు లేనియెడల ఆక్షేపకులకు బదులు చెప్పుటకు మన చేత నేమియు నుండెడిది కాదు.

ఇంకొక ప్రశ్న దీనికంటె బరువైనది. కాలువకు చేరినవారికి కూలి దొరికెను సరే. చేరలేక త్రోవలో పడిపోయినవారి మాట యేమి? వారిపట్ల దేవుడు ఉదారుడు కాడా? పుణ్యాత్ములైన బోధకులు కొందరు దీనికి తేలికయైన సమాధానములు వ్రాసిరి. కరువు ఆత్మలను సిద్ధపరచుటకు వచ్చెనని ఒకరు, పాపమునకు శిక్షయని ఒకరు. ఈ సమాధానములు నాకు రుచింపవు. టెంపుల్ దొర కూలి తగ్గించుట దేవుని పని కాదు, ఆతని పనియే. ఆ యేటను దేశమునుండి ధాన్యము ఓడలలో విదేశములకు పోవుచుండుటయు మనుష్యుల పనియే. వెల్లంపల్లి యొడ్డున నిలిచినవారు ఈ ప్రశ్నకు సమాధాన మెరిగియుండిరని నేననను. సమాధానము లేకయే దేవుని స్వభావమును నమ్మిరని మాత్రము అనగలను. రైతు మేఘము నెరిగి విత్తడు. ఋతువును నమ్మి విత్తును.

ఈ కదలిక నైజాము రాజ్యమునకును వచ్చెను. బాప్తిస్టులు హనుమకొండ, పాలమూరు, నల్లగొండలలో స్థానము లేర్పరచిరి. వెస్లియను సంఘమువారు సికిందరాబాదున 1879 ప్రాంతమున పని మొదలిడి మెదకునకు పోయిరి. మెదకులో చార్లెస్ వాకర్ పోస్నెట్ అను పాదిరి, కరువుచే పనిలేక వచ్చినవారికి పని కల్పించుచు, 1914లో మొదలిడి పదేండ్లు కట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠింపబడెను. 175 అడుగుల ఆ గోపురమును మీలో పలువురు చూచియే యుందురు. చూడనివారు ఒకమారు చూడదగినది. కరువు కూలిచే కట్టబడినది, కాలువ యైనను గుడి యైనను, నాకెందుకో ఇతర కట్టడములకంటె గట్టిగా కనబడును.

డోర్నకలు సంగతి వేరు. అచటికి వచ్చినవాడు దొర కాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతో 1903లో స్థాపించిన మిషను పక్షమున 1909లో డోర్నకలు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున భారతీయులలో మొదటి బిషప్పు ఆయనయే. ఆయన సంఘములో నెక్కువమంది మాలమాదిగలు, కూలిచేసి బ్రతుకువారు. ఇట్టివారు పుచ్చుకొనువారే గాని ఇచ్చువారు కారని అప్పటివరకు అందరును అనుకొనిరి. అజరయ్య ఒప్పుకొనలేదు. దేవుడు ఇచ్చువాడైనచో ఆయన బిడ్డలును ఇచ్చువారు కావలెను గదా. బీదవానిని ఇయ్యనీయకపోవుట వానిని మరల పల్లెకు త్రోసివేయుటయే యని ఆయన తలంపు. క్రైస్తవుల యీవిని గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాసెను. 1945 జనవరి 1వ తేదీని చనిపోవువరకు ఊరూర ఆ మాటనే చెప్పెను.

ఆయన పల్లెలలో నిలిపిన యాచార మొకటి చెప్పి ముగించెదను. దినదినమును కూటికి బియ్యము గాని జొన్నలు గాని కొలుచునపుడు ఇల్లాలు పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. ఇంటిలో ఎంత తక్కువయున్నను ఆ పిడికెడు ముందు తీయవలెను. ఆదివారమున ఆ కుండను గుడికి తెచ్చి బల్లయెదుట పోయుదురు. ధాత కరువు నాటికి పదేండ్ల పిల్ల అజరయ్య బిషప్పగునాటికి నలువదియైదేండ్ల ఇల్లాలు. అట్టి వయస్సు స్త్రీలు ఆ వరుసలో తప్పక యుందురు. పోసిన బియ్యమును పెద్దలు మానికలతో కొలిచి, అమ్మి, వచ్చిన సొమ్ము లెక్క వ్రాసి, ఊరి ఉపదేశకుని జీతమునకు చేర్చెడివారు.